ఎలుక నుంచి పెంపుడు కుక్కకు

ఎందరో తెలుగువారు స్థిరపడిన సూరత్ జిల్లాలో కడోదరా ఒక పట్టణం. ఆ జిల్లాలో వరి, చెరకు పొలాలు ఎక్కువ. అక్కడ వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంటుంది. దీనికి కారణం మెలికలు తిరిగిన సన్నని బాక్టీరియా. ఇది ఎలుక మూత్రపిండాల్లో నివసిస్తుంది. ఎలుకకు మాత్రం సాధారణంగా జబ్బు చేయదు.

ఎలుక మూత్రం నిలవ నీటిలో కలుస్తుంది. ఆ నీటిలో తిరిగిన కుక్క శరీరంలోకి గాయాల ద్వారా, నోటి, కంటి పొరల ద్వారా బాక్టీరియా ప్రవేశిస్తుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కోలుకున్న కుక్క మూత్రంలోనూ కొంతకాలం బాక్టీరియా ఉండవచ్చు; దానివల్ల మనకూ వ్యాధి సోకవచ్చు.

కాబట్టి మీ కుక్కకు ఏటా టీకా వేయించండి. దాని తిండిగిన్నెను రాత్రి బయట ఉంచకండి; ఎలుకలు చేరతాయి. జ్వరం, వాంతులు, కామెర్లు కనిపిస్తే వెంటనే పశువైద్యునికి చూపించండి.