కంప్యూటర్ అప్‌డేట్లను ఆపివేయవచ్చునా?

కంప్యూటరులోని భాగములన్నిటిని నడపుచు, మనము ఉపయోగించు ప్రోగ్రాములకు ఆధారముగా నుండునది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ ఇట్టిదే. ఇందులో కోట్లకొలది ఆదేశపంక్తులుండును. ఇంత పెద్ద రచనలో దోషములు లేకుండుట అసాధ్యము. అవి బయటపడినప్పుడెల్ల తయారీదారులు సవరణలు పంపుచుందురు. వీనినే అప్‌డేట్లు అందురు. విండోస్ వీనిని ఇంటర్నెట్ ద్వారా తనంతట తానే తెచ్చుకొని అమర్చుకొనును.

ఈ ఏర్పాటును పూర్తిగా ఆపివేయవలెనని చాలమంది కోరుదురు. ఆ కోరిక అకారణమైనది కాదు. పెద్ద అప్‌డేట్ వచ్చినచో, మొబైల్ ఫోనునుండి ఇంటర్నెట్ తీసుకొనువారికి ఆ రోజు డేటా దానికే చెల్లిపోవచ్చును. పాఠము నడుచుచుండగా కంప్యూటరు ఆగి మరల మొదలు కావచ్చును. ఒక్కొక్కప్పుడు సవరణలోనే దోషముండును. 2018 అక్టోబరులో వెలువడిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను తుడిచివేసినందున, మైక్రోసాఫ్ట్ సంస్థ దాని పంపిణీని నిలిపివేసినది.

అయినను, ఆపివేయుటలో అంతకంటె పెద్ద అపాయము కలదు. సవరణ వెలువడుటతోనే దోషమున్న చోటు కూడ వెల్లడియగును. పాత ప్రోగ్రామును, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినచో మారిన భాగము తెలియును. ఆ భాగమే దుండగులకు దారి చూపును. కనుక సవరణ వెలువడిన పిమ్మట, దానిని అమర్చుకొనని కంప్యూటరుకు ముప్పు మరింత హెచ్చును.

2017లో జరిగినది ఇదే. ఆ యేడు మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక దోషమునకు సవరణ విడుదల చేసినది. 59 రోజుల తరువాత, మే 12న, వాన్నక్రై అను హానికర ప్రోగ్రాము ఆ దోషముగుండనే చొరబడి, సుమారు 150 దేశములలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు వ్యాపించినది. ఫైళ్లను చదువుటకు వీలులేని రహస్యలిపిలోనికి మార్చి, వాటి విడుదలకు సొమ్ము అడిగినది. బ్రిటనులో అనేక ఆసుపత్రుల పనులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దీని వాతబడినవి. సవరణను సకాలమున అమర్చుకొన్న కంప్యూటర్లలోనికి అది ఆ దారిన ప్రవేశింపలేకపోయినది.

కావున అప్‌డేట్లను ఆపుటకంటె వాయిదా వేయుట యుక్తము. సెట్టింగ్స్‌లోని 'విండోస్ అప్‌డేట్' విభాగమున వీనిని కొన్ని వారములపాటు నిలిపియుంచవచ్చును. పరీక్షల కాలమునకు ఇది చాలును. 'యాక్టివ్ అవర్స్' అనుచోట బడివేళలను తెలిపినచో, ఆ వేళలలో అప్‌డేట్ కొరకు కంప్యూటరు తనంతట ఆగి మొదలు కాదు. ఇంటర్నెట్ కనెక్షనును 'మీటర్డ్'గా గుర్తించినచో డేటా ఖర్చు తగ్గును. ముఖ్యమైన ఫైళ్ల నకలును విడిగా పెన్‌డ్రైవులో దాచుట మరువరాదు. అప్‌డేట్ వికటించినను, దుండగులు చొరబడినను మన ఫైళ్లను మనకు దక్కించునది ఆ నకలే.