హాలోజన్, తడి డాబా, ఒక 6 ఆంప్స్ బోర్డు: మా షార్ట్ ఫిల్మ్ షూట్‌లో నేను లెక్క తప్పిన రాత్రి

కెమెరా, గింబల్, మైక్ గురించి ఎప్పుడూ రాస్తూనే ఉంటాం. ఈసారి వాటిని ప్లగ్ చేసే బోర్డు గురించి రాస్తా. ఎందుకంటే ఫైనల్ ఇయర్‌లో మేం తీసిన షార్ట్ ఫిల్మ్‌లో అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. నేను కెమెరామ్యాన్‌ని, లైటింగ్ కూడా నాదే. అంటే తప్పు కూడా నాదే.

సీన్ సింపుల్. రాత్రి, డాబా మీద హీరో ఒంటరిగా ఫోన్ మాట్లాడతాడు. డాబా తడిగా ఉంటే లైట్ రిఫ్లెక్షన్ బాగా వస్తుందని పెద్ద సినిమాల్లో రోడ్లు తడిపినట్టు మేమూ నాలుగు బకెట్లు కుమ్మరించాం. ఫోన్ సెన్సర్ చిన్నది కదా, తక్కువ వెలుతురులో నాయిస్ వస్తుందని 1000 వాట్ల హాలోజన్లు రెండు అద్దెకు తెచ్చా. కింది గదిలోంచి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి రెండూ దానికే పెట్టాం. పక్కన ల్యాప్‌టాప్ చార్జర్ కూడా.

రెండో టేక్‌లో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. బోర్డు నీళ్లలోకి జారుతోందని మా జూనియర్ చెప్పుల్లేకుండానే వెళ్లి దాన్ని ఎత్తాడు. "అన్నా, జిల్లుమంటోంది" అంటూ వదిలేశాడు. వదలగలిగాడు కాబట్టి సరిపోయింది. చెయ్యి బిగుసుకుపోయి ఉంటే అనే ఆలోచన నాకు ఇంటికెళ్లాక వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్క చాలా చిన్నది. వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్. రెండు హాలోజన్లు 2000 వాట్లు, అంటే దాదాపు 8.7 ఆంప్స్. బోర్డు వెనకాల స్పష్టంగా 6 ఆంప్స్ అని రాసి ఉంది. ఇంజినీరింగ్ చదువుతున్న ఎనిమిది మందిలో ఒక్కడూ తిప్పి చూడలేదు.

మరి ఎంసీబీ ఎందుకు పడిపోలేదు? మర్నాడు ఎలక్ట్రీషియన్ అన్నని అడిగా. "అది మీ బోర్డు కోసం కాదు తమ్ముడూ, గోడలో వైరు కోసం" అన్నాడు. ఆ లైన్‌లో ఉన్నది 16 ఆంప్స్ ఎంసీబీ. 8.7 దానికి మామూలు లోడే. ఈలోపు బోర్డు కరిగిపోవచ్చు, ఎంసీబీకి ఏమీ తెలియదు. షాక్ సంగతి ఇంకా వేరు. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకి ఎంసీబీ కదలదు. దాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే కట్ చేస్తాయి. ఆ ఇంట్లో అది లేదు. ఇప్పుడు ఏ లొకేషన్‌కి వెళ్లినా ముందు ఫ్రేమ్ కాదు, మెయిన్ బోర్డు చూస్తా. టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ కనిపిస్తే సగం ధైర్యం. లేకపోతే తడి సీన్‌కి గోడ కరెంటు వాడం, బ్యాటరీ ఎల్ఈడీలే.

ఇంకోటి. డ్రమ్‌కి చుట్టిన కేబుల్‌ని చుట్టినట్టే వాడొద్దు, లోపల వేడి బయటికి పోదు. మొత్తం విప్పి వాడాలి. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. ఆ స్విచ్ దగ్గర ఎవరుండాలో ముందే అనుకోవాలి.

పట్టాల సీన్

దీనికంటే పెద్ద గొడవ రైలు పట్టాల దగ్గర అయింది. క్లైమాక్స్‌లో హీరో పట్టాల మీద నడవాలి. "రేయ్, తెల్లారి 5 గంటలకి ఎవడుంటాడ్రా, పది నిమిషాల పని" అన్నాడు మా డైరెక్టర్. నేను కుదరదన్నా. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

అప్పుడు వాడికి సారా జోన్స్ గురించి చెప్పా. 2014 ఫిబ్రవరి 20న, అమెరికాలోని జార్జియాలో 'మిడ్‌నైట్ రైడర్' షూటింగ్‌లో చనిపోయిన కెమెరా అసిస్టెంట్. వయసు 27. నది మీద రైలు వంతెనపై, పట్టాల మీద మంచం పెట్టి సీన్ చేస్తుంటే రైలు వచ్చేసింది. ఆ పట్టాల మీద షూట్ చేయడానికి రైల్వే సంస్థ అనుమతి లేదు. దర్శకుడు నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. వాళ్లు ప్రొఫెషనల్స్. మనం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేసి, స్క్రీన్‌లోకి చూస్తూ వెనక్కి నడిచే బ్యాచ్. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకి 30 మీటర్లు దాటేస్తుంది. "కట్" అని అరిచేలోపు అయిపోతుంది. పైగా మన దగ్గర కూడా పర్మిషన్ లేకుండా పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం.

చివరికి సీన్ మార్చాం. లెవెల్ క్రాసింగ్ గేటు వేసినప్పుడు హీరో గేటు బయట రోడ్డు మీదే నిలబడ్డాడు. నేను రోడ్డు పక్కనే బాగా వెనక్కి వెళ్లి 5ఎక్స్ టెలీ పెట్టా. దూరం నుంచి టెలీతో తీస్తే వెనకున్నది దగ్గరికొచ్చినట్టు కనిపిస్తుంది కదా. ఫ్రేమ్‌లో రైలు వాడి భుజాన్ని రాసుకుని పోతున్నట్టే ఉంది. నిజం చెప్పాలంటే అనుకున్న షాట్ కంటే ఇదే బాగొచ్చింది. డైరెక్టర్ ఇప్పటికీ ఆ ఐడియా తనదే అంటాడు!

బ్యాటరీలు, డ్రోన్, నిద్ర

ఎల్ఈడీలకు మారితే రిస్క్ తగ్గుతుంది కానీ పోదు, బ్యాటరీల వైపు వెళ్తుంది. మేం చేసిన పిచ్చి పని: అందరం పడుకున్న గదిలోనే పరుపు పక్కన రాత్రంతా ఏడు బ్యాటరీలు చార్జింగ్. లిథియం బ్యాటరీ అంటుకుంటే లేచి తలుపు వెతుక్కునే టైమ్ కూడా ఉండకపోవచ్చు. ఉబ్బినదాన్ని, కింద పడి సొట్ట పోయినదాన్ని మళ్లీ చార్జ్ చేయొద్దు, గుచ్చి చూడొద్దు. ఫ్లైట్‌లో వెళ్తుంటే స్పేర్ బ్యాటరీలు చేతి బ్యాగ్‌లోనే, ఒక్కోటి 100 వాట్ అవర్స్ లోపు ఉండేలా చూసుకోండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74.

డ్రోన్ 250 గ్రాముల లోపుదైతే ఏ రూల్ వర్తించదని చాలామంది అనుకుంటారు. 2021 డ్రోన్ రూల్స్‌లో సొంత సరదాకి ఎగరేసే నానో డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ రెడ్ జోన్ దానికీ రెడ్ జోనే. డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా లేపొద్దు. చేత్తో పట్టుకుని ల్యాండ్ చేసే స్టైల్ మానేయండి, మా వాడి వేలికి మచ్చ ఇంకా ఉంది.

ఇక నిద్ర. 1997లో 'ప్లెజెంట్‌విల్' షూట్‌లో 19 గంటలు పనిచేసి కారులో ఇంటికెళ్తూ బ్రెంట్ హెర్ష్‌మన్ అనే అసిస్టెంట్ కెమెరామ్యాన్ ప్రాణం పోగొట్టుకున్నాడు. మన షూట్లలో కారు కూడా ఉండదు, ట్రిపుల్ రైడింగ్ బైకే. అందుకే ఇప్పుడు మా కాల్ షీట్‌లో సీన్ నంబర్ల కంటే పైన నాలుగు లైన్లు ఉంటాయి: దగ్గర్లోని హాస్పిటల్, 108, మెయిన్ స్విచ్ దగ్గర ఉండేది ఎవరు, ప్యాకప్ తర్వాత ఎవరు ఎక్కడ పడుకుంటారు. వచ్చే నెల షూట్‌కి మెయిన్ స్విచ్ దగ్గర పేరు ఆ జూనియర్‌దే. వాడే అడిగి రాయించుకున్నాడు.