రేడియో నియంత్రిత రేసు కారు: పినియన్ ఎంపిక

మోటారు షాఫ్టుకు బిగించే చిన్న గేరును పినియన్ అనీ, అది తిప్పే పెద్ద గేరును స్పర్ అనీ అంటారు. స్పర్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే గేరు నిష్పత్తి వస్తుంది. 84 పళ్ల స్పర్‌కు 21 పళ్ల పినియన్ జతచేస్తే నిష్పత్తి 4. 24 పళ్లదైతే 3.5.

పినియన్ పెద్దదైతే కారు వేగం పెరుగుతుందనుకుంటాం. పొడవైన ట్రాకుపై అది నిజమే. మలుపులు దగ్గరగా ఉంటే మాత్రం గరిష్ఠ వేగం అందేలోపే బ్రేకు వేయాలి. మలుపు దాటిన ప్రతిసారీ మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే లోపలి అయస్కాంతం బలహీనపడుతుంది; చల్లారినా పూర్వపు శక్తి పూర్తిగా రాదు. అందుకే చిన్న పినియన్‌తో మొదలుపెట్టి, కొద్ది నిమిషాలు నడిపి, మోటారు ఉష్ణోగ్రత చూసి, ఒక్కో పన్ను చొప్పున పెంచాలి. పినియన్ మార్చినప్పుడల్లా రెండు గేర్ల మధ్య సందును మళ్లీ సరిచేయాలి.