ఫాలోవర్‌ను తీసేస్తే తప్పేముంది?

ఇన్‌స్టాగ్రామ్‌లో అక్కర్లేని ఫాలోవర్లను ఏం చేయాలని ఎవరినడిగినా వచ్చే సలహా ఒక్కటే: బ్లాక్ చేసెయ్. హైదరాబాద్‌లాంటి నగరంలో ఆ మాట చాలావరకు పనికొస్తుంది. అక్కడ ఫోన్‌లో వెంటపడేవాడు తరచూ ముక్కూమొహం తెలియనివాడే కాబట్టి బ్లాక్‌తోనే వాడి పీడ విరగడ కావచ్చు. మహబూబాబాద్ జిల్లా గంగారంలో అదంత సులువు కాదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొత్తగూడ నుంచి విడిపోయి ఏర్పడిన ఏజెన్సీ మండలం ఇది. ఇలాంటి చోట ఒక ఇంటర్ అమ్మాయి ఖాతాను చూసేవాళ్లు బడిలో తోటివాళ్లు, మేనబావలు, అన్న స్నేహితులు, పక్క గూడెం కుర్రాళ్లు. ఒకణ్ని బ్లాక్ చేస్తే మర్నాడు బస్సులో ఎదురుపడి "నన్నెందుకు బ్లాక్ చేసినవ్?" అని నిలదీస్తాడు. సాయంత్రానికి వాళ్లమ్మ వచ్చి "మా పిలగాడు ఏం చేసిండని తీసేసినవ్ బిడ్డా" అని అడుగుతుంది. ఈ భయంతోనే చాలామంది ఆడపిల్లలు ఎవరినీ తీసేయరు, చూపులన్నీ భరిస్తూ ఉండిపోతారు, లేదంటే ఖాతానే మూసేసుకుంటారు. నా ఉద్దేశంలో ఈ రెండూ అక్కర్లేదు. ఖాతాలో ఎవరుండాలో తేల్చేది ఖాతాదారే, అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఊళ్లో రచ్చ కాకుండా ఆ పని చేసుకునే దారులు ఫోన్‌లోనే ఉన్నాయి. అయితే అవతలివాడు ఆగకపోతే మాత్రం నోరు మూసుకుని తీసేస్తే చాలదు. అక్కడ 'వద్దు' అని తేటతెల్లంగా చెప్పాలి. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ముందు తెలుసుకోవాల్సింది, ఖాతా పబ్లిక్‌గా ఉన్నంతకాలం ఫాలోవర్ల జాబితా సరిచేసి లాభం లేదని. పబ్లిక్ ఖాతా రచ్చబండ లాంటిది, పేరు నమోదు చేసుకోకుండానే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఫాలో కానివాడు కూడా ఫోటోలన్నీ చూడగలడు, దాచుకోగలడు. ప్రైవేట్‌గా మార్చాకే ఫాలోవర్ అన్న మాటకు విలువ వస్తుంది. అప్పటినుంచి కొత్తగా చూడాలనుకునేవారు రిక్వెస్ట్ పంపాలి, మీరు ఒప్పుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రైవేట్ చేయగానే అంతా భద్రమైపోయిందనుకుంటారు గానీ, అప్పటికే ఫాలోవర్లుగా ఉన్నవాళ్లు ఎక్కడికీ పోరు. రెండేళ్ల కింద ఎవరో తెలియకుండా ఉండనిచ్చిన నకిలీ పేరు కూడా జాబితాలో అలాగే ఉంటుంది. కాబట్టి ప్రైవేట్ చేసిన రోజే జాబితా తెరిచి, మనిషెవరో చెప్పలేని ప్రతి పేరునూ తీసేయాలి.

చిన్న ఊళ్లో ఇది ఎంత ముఖ్యమో ఒక మామూలు ఫోటోను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కాలేజీ యూనిఫాంలో ఒకమ్మాయి, వెనక ఆర్టీసీ బస్సు, బస్సు మీద బోర్డు, పైన పొద్దున పెట్టిన స్టోరీ టైము. నగరంలో వీటితో ఒక మనిషిని వెతికి పట్టుకోవడం కష్టమే. బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే రూట్లో మాత్రం ఆ బోర్డు, ఆ టైము చూస్తే చాలు, ఆమె రేపు ఏ బస్సెక్కుతుందో, ఏ స్టేజీలో దిగుతుందో తెలిసిపోతుంది. ఆమె రాసింది 'గుడ్ మార్నింగ్' మాత్రమే కావచ్చు. చెడు ఉద్దేశంతో చూసేవాడికి మిగతాదంతా ఫోటోయే చెబుతుంది.

ఇక ఉపాయాల సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్ల జాబితా తెరిస్తే ప్రతి పేరు పక్కనా 'రిమూవ్' అని ఉంటుంది. అది నొక్కితే ఆ మనిషి జాబితాలోంచి పోతాడు, పోయినట్టు అతనికి నోటిఫికేషన్ రాదు. వెతికి చూసుకుంటే తప్ప తెలియదు, తెలిసినా "జాబితా మొత్తం తగ్గించుకున్న" అంటే సరిపోతుంది. తీసేస్తే గొడవ చేస్తాడన్న అనుమానం ఉన్నవాళ్ల కోసం 'రిస్ట్రిక్ట్' ఉంది. 2019లో దీన్ని తెచ్చినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చిన వివరణ గంగారం అమ్మాయి మనసులో మాటలా ఉంటుంది: వేధించేవాణ్ని బ్లాక్ చేయడానికి పిల్లలు వెనకాడుతున్నారు, ముఖ్యంగా అతను బయట రోజూ ఎదురుపడేవాడైతే గొడవ ముదురుతుందని భయపడుతున్నారు అని. మీరు రిస్ట్రిక్ట్ చేసినవాడు పెట్టే కామెంట్ అతనికొక్కడికే కనిపిస్తుంది, మీరు ఒప్పుకుంటే తప్ప ఇంకెవరికీ కనిపించదు. అతని మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి వెళ్లిపోతాయి. మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారో లేదో, అతని మెసేజ్ చదివారో లేదో అతనికి తెలియదు. ఒక్క హెచ్చరిక: రిస్ట్రిక్ట్ అయినవాడు మీ ఫోటోలు, స్టోరీలు చూస్తూనే ఉంటాడు. కాబట్టి ఇది నోటిని అదుపు చేయడానికే గానీ కంటికి అడ్డుకట్ట కాదు. స్టోరీ కనిపించకూడదనుకుంటే సెట్టింగ్స్‌లో ఆ పేరుకు విడిగా దాచాలి, లేదా 'క్లోజ్ ఫ్రెండ్స్'కే పెట్టాలి.

ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ లాక్ 2020 మే నుంచి మన దేశంలో ఉంది, ఒక్క నొక్కుతో పాత పోస్టులు కూడా ఫ్రెండ్స్‌కే పరిమితమవుతాయి. వాట్సాప్ స్టేటస్‌కు 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' ఉంది. ఫీజు కట్టించుకున్నవారు, రీచార్జ్ చేసినవారు, ఆటో డ్రైవర్ల నంబర్లు ఎన్నో మన ఫోన్‌లో ఉంటాయని, మన నంబరు వాళ్ల ఫోన్‌లో కూడా ఉంటే వాళ్లందరికీ మన స్టేటస్ కనిపిస్తుందని గుర్తుంచుకుంటే దీని అవసరం అర్థమవుతుంది. ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతా ఉన్నవాళ్లు మాత్రం బ్లాక్‌నే నమ్ముకోవద్దు. 2024 చివర్లో ఆ కంపెనీ పద్ధతి మార్చింది. బ్లాక్ అయినవాడు కూడా పబ్లిక్ పోస్టులను చూడగలడు, జవాబివ్వడం లాంటివి మాత్రం చేయలేడు. అక్కడ పోస్టులను 'ప్రొటెక్ట్' చేసుకోవడమే దారి.

ఫాలోవర్లు తగ్గిపోతే ఎలా అన్నది మొదటి అభ్యంతరం. అంకె మీద మోజు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం, ఆ అంకెను కంపెనీలే నమ్మవని. 2014 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఊడ్చేస్తే గాయకుడు జస్టిన్ బీబర్ ఒక్కడికే సుమారు 35 లక్షల ఫాలోవర్లు మాయమయ్యారు. 2018 జులైలో ట్విట్టర్ కూడా అనుమానంతో లాక్ చేసిన ఖాతాలను లెక్కలోంచి తీసేసింది. అయితే ఈ అభ్యంతరంలో న్యాయమైన భాగం కూడా ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ తెలుగువాళ్లందరికీ చేరింది, అందులో కనిపించిన గంగవ్వ ఇంటింటి మనిషైంది. తలుపులు మూసుకుని కూర్చుంటే అది జరిగేది కాదు. పచ్చళ్లు, బట్టలు అమ్ముకునే మహిళా సంఘానికైనా, పాటలు పాడే కుర్రాడికైనా నలుగురి కంట పడటమే బతుకుదెరువు. పైగా ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతాను ప్రైవేట్ చేయడం కుదరదు. అందుకే ఇలాంటివాళ్లు రెండు ఖాతాలు పెట్టుకోవాలి. అమ్మకం, ఆటపాట పబ్లిక్ ఖాతాలో, ఇల్లూ పిల్లలూ ప్రయాణాలూ తెలిసినవాళ్లే చూసే ప్రైవేట్ ఖాతాలో. పబ్లిక్ ఖాతాలో కూడా ఒకణ్ని బ్లాక్ చేయడానికీ, కొన్ని మాటలున్న కామెంట్లు కనిపించకుండా చేయడానికీ వీలుంది.

మాకు శత్రువులెవరున్నారు, మా పిల్లల వీడియో ఎవరు చూస్తే ఏం అనేది ఇంకొందరి మాట. 2024 జులైలో జరిగింది గుర్తుచేసుకోవాలి. ఒక తండ్రి, చిన్నపాప ఉన్న మామూలు వీడియో మీద కొందరు ఆన్‌లైన్‌లో లైవ్‌గా కూర్చుని నోటితో చెప్పలేని వ్యాఖ్యలు చేశారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల దృష్టికి తెచ్చాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, ఒక యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. వీడియోలో తప్పేమీ లేదు, పెట్టినవాళ్లదీ తప్పు కాదు. తప్పంతా చూసినవాళ్ల బుద్ధిలో ఉంది. కానీ చూసేవాళ్ల బుద్ధిని మనం మార్చలేం. ఎవరు చూడాలన్నది కొంతవరకైనా మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఆగనివాడి సంగతి. తీసేసినా మళ్లీ రిక్వెస్ట్ పెడతాడు, వేరే పేరుతో వస్తాడు, స్నేహితురాలి ఖాతా నుంచి అడిగిస్తాడు. ఇక్కడ గుట్టుగా తీసేయడం ఎందుకు చాలదో చట్టం చదివితే తెలుస్తుంది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో ఐపీసీలో 354డి సెక్షన్ చేరింది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఒక స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా ఒక మగవాడు వెంటపడి పరిచయం పెంచుకోవాలని మళ్లీ మళ్లీ పలకరించినా, పలకరించబోయినా నేరం. ఆమె ఇంటర్నెట్ వాడకంపై కన్నేసి ఉంచితే, అలా చెప్పకపోయినా నేరమే. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. పదేపదే పలకరించేవాడి విషయంలో కేసు నిలబడేది ఆ 'స్పష్టంగా' అన్న షరతు మీదే. జవాబివ్వకుండా ఊరుకుంటే, గుట్టుగా రిమూవ్ చేస్తే "ఆమెకు ఇష్టం లేదని నాకెట్ల తెలుస్తది" అనడానికి వాడికి సందు దొరుకుతుంది. కాబట్టి ఒక్కసారి, ఒక్కటే మెసేజ్ రాయాలి: "నువ్వు నాకు మెసేజ్‌లు పెట్టడం నాకిష్టం లేదు. ఇకమీదట ఏ ఖాతా నుంచీ పెట్టొద్దు." అందులో తిట్టు వద్దు, బతిమాలడం వద్దు, కారణం వద్దు. తర్వాత అతను ఏం రాసినా జవాబివ్వకూడదు.

అప్పుడు, బ్లాక్ చేయడానికి ముందు, ఆధారాలు పెట్టుకోవాలి. తేదీ, టైము కనిపించేలా మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీయాలి. పైన కనిపించే పేరు ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోగలరు కాబట్టి యూజర్‌నేమ్‌నూ, ప్రొఫైల్ లింక్‌నూ విడిగా రాసుకోవాలి. 'ఈ ఖాతా గురించి' అన్నచోట అది ఏ నెలలో మొదలైందో చూపిస్తే దాన్నీ స్క్రీన్‌షాట్ తీయాలి. మీరు బ్లాక్ చేసిన వారంలోనే పుట్టిన కొత్త ఖాతా అయితే ఆ తేదీ చాలా మాట్లాడుతుంది. కోపంలో చాట్ మొత్తం డిలీట్ చేయడం ఈ వ్యవహారంలో అందరూ చేసే పొరపాటు. బ్లాక్ చేసేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్, ఆ మనిషికి ఉన్న, అతను కొత్తగా తెరిచే ఖాతాలను కూడా కలిపి బ్లాక్ చేసే వీలు ఇస్తుంది, దాన్నే ఎంచుకోవాలి. కొత్త ఖాతాలతో వస్తూనే ఉంటే ఇక బ్లాక్ చేసి ప్రయోజనమేముంది అనేవారికి నా జవాబు ఇది: అతను తెరిచే ప్రతి కొత్త ఖాతా, వద్దన్నాక కూడా వెంటపడ్డాడనడానికి కొత్త సాక్ష్యం.

పోలీసుల దగ్గరికి వెళితే పరువు పోతుందని ఇళ్లలో భయపడతారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, పెళ్లి కావాల్సిన పిల్ల పేరు ఊరి నోట్లో పడటం తల్లిదండ్రులకు చిన్న విషయం కాదు. అయితే 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలై, మరుసటి ఏడాది రాష్ట్రమంతా విస్తరించిన పోలీసుల షీ టీమ్స్ ప్రతి ఫిర్యాదునూ కోర్టుకు లాగవు. మైనర్లను, మొదటిసారి దొరికినవాళ్లను తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చి పంపిన సందర్భాలు ఎన్నో. మార్ఫింగ్ ఫోటోలు, మీ పేరుతో నకిలీ ఖాతా అయితే ఆగకూడదు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆ రోజే ఫిర్యాదు పెట్టాలి. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రమాదం దగ్గరపడితే 112. నగ్న చిత్రాలు, నకిలీ ఖాతాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోగా చర్య తీసుకోవాలని 2021లో ఐటీ నిబంధనలే కంపెనీలకు గడువు పెట్టాయి, ఆ తర్వాత దాన్ని ఇంకా కుదించారు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఊళ్లో స్టేషన్ గడప తొక్కడానికి సంకోచించే అమ్మాయి నర్సంపేటలోనో హన్మకొండలోనో చదువుతుంటే అక్కడే ఇవ్వొచ్చన్నమాట. వేధింపులకు గురయ్యే అబ్బాయిలకు 78వ సెక్షన్ వర్తించదు, బెదిరింపు, నకిలీ గుర్తింపు వంటి వేరే సెక్షన్ల కింద వాళ్లూ ఫిర్యాదు చేయొచ్చు.

చివరి అభ్యంతరం, ఇంట్లో అందరికన్నా గట్టిగా వినిపించేది: ఇంత తిప్పలెందుకు, ఫోన్ గుంజుకుంటే పోదా? ఇది పిల్ల మీద ప్రేమతో అనే మాటే. కానీ తప్పు చేసినవాడు ఫోన్ పట్టుకుని తిరుగుతుంటే, శిక్ష మాత్రం ఆమెకు పడుతోంది. స్కాలర్‌షిప్ ఓటీపీలు, కాలేజీ గ్రూపులు, ఉద్యోగ నోటిఫికేషన్లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం, చెబితే ఫోన్ పోతుందని తెలిసిన పిల్ల రెండోసారి ఇంట్లో నోరు విప్పదు. వేధించేవాడికి కావాల్సింది సరిగ్గా అదే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కు ఇంట్లో ఆడపిల్లకూ ఉంది. పెద్దవాళ్లు నిజంగా సాయపడాలనుకుంటే మొదలుపెట్టడానికి ఒక చోటుంది. 2024 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించి, 2025లో మన దేశంలోనూ తెచ్చిన టీన్ అకౌంట్లలో 16 ఏళ్లలోపువారందరి ఖాతాలు, 18 ఏళ్లలోపువారు కొత్తగా తెరిచే ఖాతాలు వాటంతటవే ప్రైవేట్‌గా ఉంటాయి, 16 ఏళ్లలోపువారు ఆ కట్టుబాట్లను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇదంతా ఎక్కువగా ఖాతాలో ఇచ్చిన పుట్టిన సంవత్సరం మీద ఆధారపడి పనిచేస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు వయసు పెంచి రాసిన పిల్లలకు ఈ రక్షణ దొరకడం కష్టం. ముందు ఆ సంవత్సరాన్ని సరిచేయించాలి, తర్వాత పిల్లతో కలిసి కూర్చుని ఫాలోవర్ల జాబితా తెరిచి, "ఈయన ఎవరు బిడ్డా?" అని ఒక్కో పేరూ అడుగుతూ కిందికి వెళ్లాలి.