ట్రంపెట్‌కు మాట నేర్పేది నాలుకే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో పెళ్లి ఊరేగింపు అంటే బ్యాండ్ మేళం మోగాల్సిందే. మన హాస్టల్ మిత్రుల్లో కొందరి తండ్రులు, మేనమామలు ఆ మేళాల్లో వాయించేవారే. అయినా "ఊదడమే కదా, అందులో విద్య ఏముంది?" అని తేలిగ్గా మాట్లాడేవారు ఉన్నారు. అందులో ఎంత విద్య ఉందో మేము తెలుసుకున్నంత వరకు ఇక్కడ వివరిస్తున్నాము.

ట్రంపెట్‌కు ఉన్నవి 3 మీటలే. ఆ మీటలు, పెదవుల బిగువు, ఊపిరి కలిసి స్వరాన్ని మారుస్తాయి. కానీ ప్రతి స్వరాన్ని విడిగా, స్పష్టంగా పలికించేది నాలుక. దీనినే టంగింగ్ అంటారు. నాదస్వరంలో ఇలాంటి పద్ధతికి తుత్తుకారం అని పేరు.

సాగర్ ఎడమ కాలువను తలచుకోండి. కాలువలో నీరు పారుతూనే ఉంటుంది. తూము తలుపు మాత్రమే లేస్తుంది, దిగుతుంది. ఊపిరి కాలువ నీరు, నాలుక తూము తలుపు. స్వరం స్వరానికీ గొంతు బిగించి ఊపిరి ఆపితే పాట ముక్కలవుతుంది, మనిషి త్వరగా అలసిపోతాడు.

నాలుక కొన పైపళ్ల వెనుక, చిగురు మొదలయ్యే చోట తాకి వెంటనే వెనక్కి రావాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్న అక్షరాన్ని మనవాళ్లు "టు" అని చదివి నాలుక మడతపెడతారు. మనకు "తు" అనుకోవడమే మేలు. మెత్తగా, కలుపుతూ వాయించాలంటే "దు" అనాలి. డప్పు మీద తీన్‌మార్ వేగం పెరిగితే ఒక్క "తు" సరిపోదు. అప్పుడు నాలుక కొన, వెనుక భాగం వంతులవారీగా పనిచేయాలి: "తు-కు, తు-కు". మూడేసి స్వరాలకు "తు-తు-కు". ఫ్రాన్సు దేశస్థుడు ఆర్బన్ 1864లో ప్రచురించిన అభ్యాస గ్రంథంలో ఈ పాఠాలున్నాయి. నేటికీ ప్రపంచమంతా దానితో సాధన చేస్తుంది.

"కు" సహజంగా బలహీనంగా పలుకుతుంది. అందుకే "కు-కు-కు" అని విడిగా సాధన చేయాలి. ముందు నెమ్మదిగా, రెండూ సమానంగా పలికాకే వేగం పెంచాలి.

1913లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 11 ఏళ్ల పేద నల్లజాతి బాలుణ్ణి ఒక బాలుర గృహంలో చేర్చారు. అక్కడి బ్యాండులో అతడు ట్రంపెట్‌కు దగ్గరి వాయిద్యమైన కార్నెట్ నేర్చుకున్నాడు. అతడే ప్రపంచ ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్.

మిత్రులారా! ఈ సాధనకు మొదట వాయిద్యం కూడా అక్కర్లేదు. నోటితోనే "తు-కు" అనుకోవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మేళంలో ఊదే పెద్దలను నాలుక ఎలా తిప్పుతారో అడగండి. ఏ బడిలో చదవకపోయినా, వారు మనకు గురువులే.