బీల బీడు కాదు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పచ్చని ఆకు కనబడటమే కష్టం. గోదాములు, గ్యారేజీలు, పాత కార్ల విడిభాగాల దుకాణాలు, కార్మికుల క్యాంపులు - ఇదే మన చుట్టూ ఉన్న లోకం. ఇటువంటి చోట కూర్చుని చిత్తడి నేలల గురించి వ్రాయడం ఏమిటని పాఠకులకు అనిపించవచ్చు. కాని ఈ క్యాంపులలో ఉండి వెల్డింగు, పైపు ఫిట్టింగు, తాపీ పనులు చేసుకుంటున్న తెలుగువారిలో శ్రీకాకుళం జిల్లా వారు తక్కువేమీ కాదు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం - ఈ పేర్లు వైద్యులుగా మేము తరచూ వినేవే. ఆ ప్రాంతం వారిని కాస్త కదిలిస్తే కొబ్బరితోటల తరువాత వచ్చే మాట "బీల". ఆ బీలను వారి ఊళ్ళవాళ్ళు ఎలా నిలబెట్టుకున్నారో మన సభ్యుల కుటుంబాలలో ఎక్కువమందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

బీల అన్నది ఆ ప్రాంతపు మాట. సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక మెట్టలకూ, లోపలి పొలాలకూ నడుమ పల్లంలో వాననీరు చేరి నిలిచే నేల అది. ఇంకా దక్షిణంగా కాకరాపల్లి వైపు ఇటువంటి నేలను తంపర అంటారు. బీల నీటిని రైతులు పొలాలకు తోడుకుంటారు. జాలర్లు చేపలు పడతారు. తుంగ కోసి చాపలు అల్లేవారున్నారు. నీరు తీసిన చోట పశువులు మేస్తాయి. కంటికి కనబడని పనులు మరి రెండున్నాయి. నిలిచిన నీరు మెల్లగా ఇంకి చుట్టుపక్కల బావులకు ఊటనిస్తుంది. తుఫాను వానలు పడ్డప్పుడు వరదను కొంత తన కడుపులో దాచుకుని ఊళ్ళను కాస్తుంది.

ఇన్ని పనులు చేసే నేల ప్రాజెక్టు కాగితాలలోకి ఎక్కేసరికి పనికిరాని నేల అయిపోయింది. 2008లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సోంపేట దగ్గర సుమారు 970 ఎకరాలను నాగార్జునా కన్‌స్ట్రక్షన్ కంపెనీకి బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కోసం కేటాయించింది. తలపెట్టిన సామర్థ్యం 2,640 మెగావాట్లు. 2009లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఊళ్ళవాళ్ళు గట్టిగా వద్దన్నారు. అయినా అదే సంవత్సరం డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ఆ నెలలోనే సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. అవి వారాలూ నెలలూ కాదు, సంవత్సరాల తరబడి సాగాయి. రోజుకు కొందరు చొప్పున, పొలం పనులూ వేటా చూసుకుంటూనే, వంతులు వేసుకుని శిబిరంలో కూర్చున్నారు. ఓపిక అంటే ఇదీ అనిపిస్తుంది మాకు.

ఈ ఉద్యమానికి ముందు నిలిచిన వారిలో సోంపేటలో ప్రాక్టీసు చేసే డాక్టర్ వై. కృష్ణమూర్తి ఒకరు. మన వృత్తిలోని మనిషి కనుక ఆయన పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలనిపించింది. ఇంకొకరు ఇ.ఏ.ఎస్. శర్మ. ఈయన కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఐ.ఏ.ఎస్. అధికారి. కరెంటు సంగతి తెలియని వ్యక్తి కాదు. ఆయన విశాఖపట్నం నుండి ఢిల్లీకి లేఖ మీద లేఖ వ్రాసి, చిత్తడి నేలల మీద ఇటువంటి కేంద్రాలు కట్టడం నిబంధనలకు ఎందుకు విరుద్ధమో ఎత్తి చూపారు. అంటే ఒక పక్క బీల మీద బ్రతికే జనం, మరొక పక్క ఆ జనం చెప్పే మాటను కాగితం మీద పెట్టగలిగినవారు. రెండు పక్కలూ కలిసినందువల్లనే బీల నిలిచింది.

2010 జూలై 14 ఆ ప్రాంతం మరచిపోలేని రోజు. పనులు మొదలుపెట్టడానికి కంపెనీ మనుషులు, పెద్ద ఎత్తున పోలీసులు బీలలోకి దిగారు. ఊళ్ళవాళ్ళు అడ్డు నిలిచారు. పోలీసు కాల్పులలో గ్రామస్థుల ప్రాణాలు పోయాయి. ఎందరో గాయపడ్డారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. ఢిల్లీలో కాగితం మారిన రోజునే సోంపేటలో నెత్తురు పడింది. కొద్ది నెలల తరువాత, 2011 ఫిబ్రవరిలో, కాకరాపల్లి తంపరలో మరొక విద్యుత్ కేంద్రం విషయంలోనూ కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. సోంపేట భూకేటాయింపును రద్దు చేస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం 2015లో ప్రకటించింది. గెలిచారు గాని, ఆ గెలుపు ఖరీదు చిన్నది కాదు. ఉద్యమంలో ఉన్నవారు ఎంతోమంది ఏళ్ళ తరబడి కేసుల కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

వైద్యులుగా ఈ కథలో మమ్మల్ని ఆపేది నీటి సంగతి. సోంపేట ఉద్దానంలోని మండలం. ఉద్దానం అనగానే కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకప్పుడు గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు మూత్రపిండాల జబ్బు గుర్తుకు వస్తున్నది. షుగరు, రక్తపోటు లేని వారికి సైతం అక్కడ మూత్రపిండాలు చెడుతున్నాయి. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. బొగ్గు కేంద్రం కట్టక ముందునుండే ఉన్న జబ్బు ఇది. కనుక ఒకదానికి ఒకటి ముడిపెట్టడం తప్పు. కాని బొగ్గు బూడిదలో పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఉంటాయి. తాగే నీటి మీద ఇప్పటికే అనుమానంతో బ్రతుకుతున్న జనం, తమ బావులకు ఊటనిచ్చే పల్లం పక్కన బూడిద చెరువు వద్దంటే అది మొండితనం కాదు, ముందుచూపు.

ఆ ప్రాంతంవారికి ఈ చూపు కొత్తగా వచ్చింది కాదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. ఏటా వానల కాలం మొదలయ్యే వేళకు నత్తగుల్ల కొంగలు వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివారు వాటిని చుట్టాలుగా చూసుకుంటారు, కొట్టనివ్వరు. సైబీరియా నుండి వస్తాయని చెప్పుకుంటారు గాని ఇవి మన దక్షిణాసియా కొంగలే. వానలనుబట్టి, నీటినిబట్టి తావులు మారుతూ ఉంటాయి. వీటికి ముఖ్యమైన ఆహారం నత్తలు. నీరు నిలిచే పొలాలూ పల్లాలూ లేకపోతే నత్తలుండవు, నత్తలు లేనిదే కొంగ రాదు. తేలుకుంచిలో కొంగను కాయడం, సోంపేటలో బీలను కాయడం వేరు వేరు పనులు కావు.

ఇక మనమున్న ఊరి సంగతి. ఇండస్ట్రియల్ ఏరియా నుండి అజ్మాన్ వైపు కొద్ది దూరం కారులో వెళితే వాసిత్ చిత్తడి నేల వస్తుంది. ఒకప్పుడు చెత్త పోసి పాడుచేసిన చోటు అది. షార్జా ప్రభుత్వం దానిని శుభ్రం చేయించి, 2007లో రక్షిత ప్రాంతంగా ప్రకటించి, 2015లో సందర్శకుల కేంద్రం తెరిచింది. 2019లో ఆ కేంద్రపు కట్టడానికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం వాసిత్ రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. చెడిన నేలను మళ్ళీ బాగుచేయవచ్చునన్నదానికి ఇది కళ్ళెదుటి సాక్ష్యం. అయితే జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. మన కొల్లేరు 2002లోనే ఆ జాబితాలో ఉంది. అయినా చేపల చెరువుల గట్లను కొట్టడానికి 2006లో ప్రభుత్వం యంత్రాలతో దిగవలసి వచ్చింది. ప్రభుత్వం చేతిలో చట్టం ఉండాలి, ఊరివారి కన్ను నేల మీద ఉండాలి. ఒకటి లేకుండా రెండవది నిలవదు.

మరి ఇంత దూరాన ఉన్న మనం చేయగలిగినది ఏమిటి? శిబిరంలో కూర్చోలేము. కాని రెండు పనులు మన చేతిలోనే ఉన్నాయి. మొదటిది, మన డబ్బు ఎక్కడికి వెళుతున్నదో చూసుకోవడం. ఇక్కడ నాలుగు దిర్హాములు మిగలగానే మనలో చాలామంది చేసే పని ఊళ్ళో ప్లాటు కొనడం. ఆ ప్లాటు ఒకనాటి చెరువు శిఖమా, వాగు పోరంబోకా అని అడిగేవారు తక్కువ. కొనేముందు గ్రామ పటం తెప్పించి చూడండి. ఊళ్ళో అరవై దాటిన పెద్దవారిని ఒకరిని అడగండి. వానాకాలంలో అక్కడ నీరు ఎంత నిలిచేదో పటం కంటే వారే బాగా చెబుతారు.

రెండవది, వ్రాసి పెట్టడం. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపింది. అంతకు ముందు అక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థులు నెమళ్ళను, జింకలను, చెట్లను ఫోటోలతో సహా లోకానికి చూపుతూ వచ్చారు. "అక్కడ ఏమీ లేదు" అనే మాటకు జవాబు "ఇదిగో, ఇవి ఉన్నాయి" అన్న పట్టికే. అందుచేత మన సభ్యులకు మా విన్నపం ఇది. ప్రతి కుటుంబమూ తమ ఊరి చెరువో, బీలో, తంపరో, అడవో ఒకటి ఎంచుకుని, దాని పేరు, హద్దులు, నీరు ఉండే నెలలు, వచ్చే పక్షులు, దాని మీద బ్రతికేవారి పనులు ఒక పేజీలో వ్రాసి పత్రికకు పంపండి. ఊరికి ఫోను చేసినప్పుడు అమ్మానాన్నలను అడిగితే సగం పేజీ నిండుతుంది. మిగతా సగం ఇక్కడి క్యాంపులలో ఉన్న మన ఊరివాళ్ళను అడగండి. మనకంటే వారికే ఎక్కువ తెలుసు.