పాత బండి దానమిస్తున్నారా? ఆర్.సి. మీద పేరు మారాకే తాళం ఇవ్వండి

సికింద్రాబాద్ దగ్గర ఏ.ఎస్. రావు నగర్ వీధుల్లో నడిస్తే, ఇళ్ల ముందు కవర్లు కప్పి నిలబెట్టిన సుమోలు, బొలెరోలు, స్కార్పియోలు కనిపిస్తాయి. ఈసీఐఎల్ ఉద్యోగుల కోసం మొదలైన కాలనీ అది. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు ఆద్యుడైన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరే దానికి పెట్టారు. ఇప్పుడు మన పల్లెల నుంచి వెళ్లి స్థిరపడ్డ పిల్లలు కూడా అక్కడ ఉన్నారు. పండక్కి అందరూ కలిసి ఊరికి రావచ్చని కొన్న పెద్ద బండి, పదేళ్లు తిరిగేసరికి మూలపడుతుంది. అమ్మితే పెద్దగా రాదు. 'నాన్నా, మనూరి దగ్గరి వృద్ధాశ్రమానికి ఇచ్చేద్దాం' అని కొడుకు ఫోన్ చేస్తాడు.

మంచి మాటే. అయితే ఆ బండి ఆర్.సి. మీద ఎవరి పేరుందో ముందు చూడండి. అప్పు దొరుకుతుందనో, పెద్దాయన పేరు కలిసొస్తుందనో మీ పేరునే కొని ఉండవచ్చు. అలాగైతే కాగితం మీద ఆ బండి మీది. రేపు తేడా వస్తే దెబ్బ తగిలేదీ మీకే.

ఎలాగంటారా? ఉత్తరాదిన ఒకాయన 2007లో తన కారు అమ్మాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్ముకున్నారు. ఆర్.సి. మాత్రం మొదటాయన పేరునే ఉండిపోయింది. 2009లో ఆ కారు తగిలి ఒకరు చనిపోయారు, ఒకామె గాయపడింది. బండికి బీమా లేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, పరిహారం కట్టాల్సింది ఆయనే అని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. స్టీరింగు మీద ఆయన చెయ్యి లేదు, బండి అమ్మేసి దాదాపు రెండేళ్లు కావస్తోంది. అయినా తప్పలేదు.

పరిహారం కట్టకపోతే ఏమవుతుంది? మోటారు వాహనాల చట్టం 174వ సెక్షను ప్రకారం ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపవచ్చు. అప్పుడు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిని రాబట్టినట్టే రాబడతారు. శిస్తు బకాయి వసూలు ఎలా ఉంటుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఉన్న రెండెకరాలూ చిక్కులో పడతాయి.

దానమిస్తూ కాగితాలు అడిగితే బాగోదని చాలామంది మొహమాటపడతారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు వంద ఎకరాలు ఇస్తానన్నది నోటిమాటతోనే. అంతటి మహత్కార్యంలో కూడా, కాగితం సరిగా నడవని చోట భూదాన భూములు తగాదాల్లో పడ్డాయి. భూమికే ఆ గతి పడితే బండికి మొహమాటమెందుకు?

ఏం చేయాలి?

మీరు ఇస్తున్నది ఆశ్రమం పేరు మీదా, దాన్ని నడిపే మనిషి పేరు మీదా అన్నది తేల్చుకోండి. ట్రస్టు లేక సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, పాన్ కార్డు నకలు అడగండి. బండిని స్వీకరిస్తున్నామని, సంతకం ఫలానావారు పెడతారని వాళ్ల కమిటీ తీర్మానం రాసివ్వాలి. నిజంగా నడిచే సంస్థ అయితే దీనికి కోపం తెచ్చుకోదు.

ఆ తర్వాత ఫారం 29, ఫారం 30. మొదటిది బండి బదిలీ చేస్తున్నామని మీరు రవాణా శాఖకు ఇచ్చే కబురు; అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోగా ఇవ్వాలి. రెండోది ఇద్దరి సంతకాలతో పెట్టే దరఖాస్తు. అప్పు మీద కొన్న బండైతే, అప్పు తీరినా ఆర్.సి. మీద బ్యాంకు పేరు ఉండిపోవచ్చు. బ్యాంకు లేఖతో, ఫారం 35తో దాన్ని ముందే తీయించండి. పాత చలాన్లు కట్టేయండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి 'మీరే చూసుకోండి' అని మాత్రం ఇవ్వకండి. బళ్లు చేతులు మారి పేర్లు మారకపోవడానికి ఆ అలవాటే మూలం.

ఇంకో తిరకాసు ఉంది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్ వైపు రిజిస్టరైన బళ్లకు నంబరు 'ఏపీ' అనే ఉంటుంది కానీ, వాటి రికార్డు ఉన్నది తెలంగాణలో. అలాంటి బండిని గుంటూరులోనో, కర్నూలులోనో ఉన్న ఆశ్రమానికి ఇవ్వాలంటే తెలంగాణ రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాల్సిందే.

మేత ఎవరు వేస్తారు?

కఠోపనిషత్తులో తండ్రి వట్టిపోయిన ఆవుల్ని దానమిస్తుంటే, నచికేతుడు చూసి మనసు కష్టపెట్టుకున్నాడు. పాత డీజిలు బండీ అంతే. టైర్లు, బీమా, డ్రైవరు జీతం ఆశ్రమం నెత్తిన పడతాయి. సొంత వాడకపు బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి. కేంద్ర నిబంధనల ప్రకారం కారు తరగతికి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. హరిత పన్ను దీనికి అదనం. ఇరవై మంది ముసలివాళ్లకు అన్నం పెట్టే చోట ఇది చిన్న భారం కాదు. వాళ్లు మొహమాటానికి 'ఇవ్వండి' అంటారు, మీరే విప్పి అడగాలి.

పన్నెండు పదమూడేళ్లు దాటిన బండైతే అమ్మేసి, వచ్చిన డబ్బు ఇవ్వడమే మేలని మా అభిప్రాయం. ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు కూడా డబ్బుగా ఇస్తేనే దక్కేది. అదీ రూ.2,000 మించితే నగదుగా కాక చెక్కు ద్వారానో, బ్యాంకు ద్వారానో ఇవ్వాలి. బండిని బండిగా ఇస్తే ఏమీ రాదు. సాగు ఆదాయానికి పన్ను లేదు కనుక మీకిది పట్టకపోవచ్చు గానీ, నగరంలో జీతం తీసుకునే అబ్బాయికి పనికొస్తుంది. పాత పన్ను పద్ధతిలో ఉన్నాడో లేదో అతన్నే చూసుకోమనండి. అడుగంటిన బండిని రిజిస్టరైన తుక్కు కేంద్రానికి ఇచ్చి, ఆర్.సి. రద్దు చేయించి, ఆ సొమ్ము ఆశ్రమానికి పంపినా సరే.

బండినే ఇవ్వదలిస్తే, ఆశ్రమం పేరున వచ్చిన కొత్త ఆర్.సి. నకలు మీ ఇంట్లో పెట్టుకోండి. బీమా కూడా వాళ్ల పేరుకు మారాలి. ఇన్నేళ్లు క్లెయిము చేయనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో పోదు, మనిషిదే. బీమా కంపెనీని అడిగి ఉత్తరం తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు. అద్దం మీది ఫాస్టాగ్ పీకేసి ఖాతా మూయించండి. లేదంటే ఆశ్రమం బండి టోల్‌గేటు దాటినప్పుడల్లా మీ అబ్బాయి ఖాతాలో డబ్బు పోతూనే ఉంటుంది.